కొత్తవాళ్ల కళ్లకు మగవాడిగా కనిపించాలంటే: ట్రాన్స్ మెన్ కోసం ఒక్కో మెట్టు

ట్రాన్స్ మెన్ అంటే పుట్టినప్పుడు ఆడపిల్ల అని రాసినా నిజానికి మగవాళ్లైనవాళ్లు. కొత్తవాళ్లు ఎదుటి మనిషిని చూసి మగా ఆడా అని తేల్చుకోవడానికి ఒకటి రెండు సెకన్లు చాలు. ఆ కాస్త సమయంలో వాళ్లు నీ ఐడీ కార్డు చూడరు, ఛాతీ కొలవరు, మెడికల్ ఫైలు తిరగేయరు. జుట్టు, భుజాలు, నడక, గొంతు, బట్టలు, ముఖం మీద రోమాలు అన్నీ కలిసి వాళ్ల బుర్రలో ఒక త్రాసులో పడతాయి, అది ఎటు మొగ్గితే అటు ‘సార్’ అనో ‘మేడమ్’ అనో నోటికి వచ్చేస్తుంది. ఒకసారి ‘సార్’ అనేశాక మిగతావాటికి వాళ్లే సర్ది చెప్పుకుంటారు. చేతులు చిన్నవైతే ‘సన్నగా ఉన్నాడు’ అనుకుంటారు, గొంతు పల్చగా ఉంటే ‘ఇంకా కుర్రాడే’ అనుకుంటారు.

అందుకే నా మాట ఒక్కటే: అన్నీ మార్చుకోవాలని ప్రాణం మీదికి తెచ్చుకోకు. మొగ్గేంత చాలు. మిగతాది అవతలివాళ్ల బుర్రే పూర్తి చేస్తుంది.

ఇంకో మాట కూడా ముందే అనుకుందాం. పాస్ అవడం, అంటే ఇలా చూడగానే మగవాడిగా కనిపించడం, మగతనానికి పెట్టే పరీక్ష కాదు. హార్మోన్లు తీసుకోనివాళ్లు, తీసుకోలేనివాళ్లు, ఎవరేమనుకున్నా నాకేం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు, వాళ్లూ మగవాళ్లే. కానీ బయటికి వెళ్లిన ప్రతిసారీ ‘వీడా, ఈమెనా’ అని ఎగాదిగా చూసే చూపులు ఎంత అలసట తెప్పిస్తాయో, కొన్నిచోట్ల ఎంత ప్రమాదమో పడ్డవాళ్లకే తెలుసు. అలాంటి చూపులు తగ్గాలనుకునేవాళ్ల కోసమే ఇది.

1. ముందు ఎక్కడ మొదలుపెట్టాలో చూసుకో

నిన్ను చిన్నప్పటి నుంచి చూసినవాళ్ల దగ్గర మొదలుపెట్టకు. వాళ్లు ఇప్పటి నిన్ను చూడరు, వాళ్ల జ్ఞాపకాన్ని చూస్తారు. నీకు గడ్డం వచ్చాక కూడా ఇంట్లోవాళ్లకు అది కనపడకపోవచ్చు. కాబట్టి ‘మా అక్క ఇంకా పాత పేరుతోనే పిలుస్తోంది, అంటే నేను ఏమీ మారలేదు’ అనే లెక్క తప్పు. నువ్వు ఎంత మారావో తెలియాలంటే అసలు పరిచయం లేనివాళ్లని చూడాలి: బస్సులో పక్క సీటు మనిషి, కౌంటర్ దగ్గర డబ్బులు తీసుకునే అతను, దారి అడిగే పెద్దాయన.

ఇది ఇప్పటి సంగతి కూడా కాదు. 1939లో టెస్టోస్టెరాన్ (మగ హార్మోన్) మొదలుపెట్టిన ట్రాన్స్ మ్యాన్ మైకేల్ డిలన్ రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో ఒక గ్యారేజీలో పనిచేసేవాడు. వచ్చే కస్టమర్ల కళ్లకు అతను మామూలు మగవాడు. పక్కన పనిచేసేవాళ్లు మాత్రం పాత అలవాటు వదల్లేదు. చివరికి కస్టమర్లు తికమక పడుతున్నారని మేనేజరే పనివాళ్లందరికీ ఇకనుంచి ‘అతను’ అనమని చెప్పాల్సి వచ్చింది. ముందు కొత్తవాళ్లు మారతారు, తెలిసినవాళ్లు వాళ్ల వెనకాల నెమ్మదిగా వస్తారు.

సో, నిన్నెవరూ ఎరగని ఒక చోటు చూసుకో. వీలైతే విషయం తెలిసిన ఒక ఫ్రెండ్‌ని తీసుకెళ్లు, నలుగురిలో నిన్ను ‘వీడు’, ‘రా’, ‘మా వాడు’ అని మామూలుగా అనేయమని చెప్పు. పక్కనున్న మనిషి అలా అలవోకగా అనేస్తే వినేవాళ్లలో సగం అనుమానం అక్కడే పోతుంది.

2. జుట్టు

తక్కువ ఖర్చు, ఎక్కువ ఫలితం ఇదే. కానీ పొట్టిగా చేయించుకుంటే పని అయిపోయినట్టు కాదు, మోసం అంతా అంచుల దగ్గరే ఉంది. కత్తిరించే మనిషి నిన్ను అమ్మాయి అనుకుంటే అలవాటు కొద్దీ చెవుల ముందు జుట్టుని సన్నగా, కోసుగా వదిలేస్తాడు, మెడ వెనక మెత్తగా పల్చగా దింపేస్తాడు, పైన పొరలు పొరలుగా కట్ చేస్తాడు. నువ్వు అద్దంలో చూసుకుంటే ‘పొట్టి జుట్టు అమ్మాయి’ కనిపిస్తుంది, ఎక్కడ తేడా కొట్టిందో అర్థం కాదు.

కుర్చీలో కూర్చోగానే, మెషిన్ ఆన్ చేయకముందే ఫోన్‌లో ఫోటో చూపించు. సినిమా హీరోది వద్దు. నీ వయసు, నీలాంటి జుట్టు, నీలాంటి ముఖం ఉన్న మామూలు మనిషి ఫోటో, ముందు నుంచి, పక్క నుంచి, వెనక నుంచి. తర్వాత నోటితో చెప్పు: సైడ్‌లాక్స్ కోసుగా వద్దు, అడ్డంగా తిన్నగా కట్ చేయండి. పక్కలకి 2 గానీ 3 గానీ నంబర్ పెట్టండి (2 అంటే సుమారు 6 మిల్లీమీటర్లు, 3 అంటే 10కి కాస్త అటూ ఇటూ). పైన పొడవు ఉంచండి. మెడ వెనక మెషిన్‌తో ఫేడ్ (కిందికి వచ్చేకొద్దీ పొట్టిగా) చేయండి. కణతల దగ్గర మూలలు గుండ్రంగా కాకుండా కాస్త కోణంగా వచ్చేలా చేయండి. కణతల దగ్గర ఎక్కువ లోపలికి గీయించుకోకు, రెండు రోజుల్లో మొలకలు వచ్చి గీసినట్టు తెలిసిపోతుంది.

మూడు నాలుగు వారాలకోసారి మళ్లీ వెళ్లాలి. చెవుల చుట్టూ జుట్టు పెరిగి మెత్తబడగానే త్రాసు మళ్లీ అటు ఒరుగుతుంది. నుదుటి మీద పడే జుట్టు వయసు తగ్గించి చూపిస్తుంది, పైకి దువ్వితే పెంచుతుంది. కనుబొమల్ని షేప్ చేయడం పూర్తిగా ఆపేయ్, వాటంతట అవి గుబురుగా పెరగనీ.

3. బట్టలు, ఇంకా వయసు గొడవ

హార్మోన్లు మొదలుపెట్టనివాళ్లకీ, ఈమధ్యే మొదలుపెట్టినవాళ్లకీ వచ్చే అసలు సమస్య అమ్మాయిలా కనిపించడం ఒక్కటే కాదు. పాతికేళ్లు దాటినా పదమూడేళ్ల కుర్రాడిలా కనిపించడం. ‘బాబూ, మీ నాన్నగారు ఉన్నారా’ అని అడుగుతారు. ఒకవైపు సంతోషంగా ఉంటుంది, ఇంకోవైపు ఉద్యోగం ఇంటర్వ్యూలో ఇదే కొంప ముంచుతుంది. ఎందుకంటే పదమూడేళ్ల కుర్రాడు ఇంటర్వ్యూకి రాడు కదా, దాంతో అవతలివాళ్ల బుర్ర ‘అయితే ఇది అమ్మాయి’ అని వెనక్కి తిరిగేస్తుంది. అందుకే బట్టలు ఎంచుకునేటప్పుడు ‘మగవాళ్ల బట్టలు’ అని కాకుండా ‘నా వయసు మగవాళ్ల బట్టలు’ అని వెతుకు. నీ ఆఫీసులో, కాలేజీలో నీ ఈడువాళ్లు ఏం వేస్తున్నారో ఒక వారం గమనించు. కాలర్ ఉన్న చొక్కా, మామూలు బెల్ట్, మధ్యస్థంగా ఉండే డయల్ వాచ్, కళ్లద్దాలుంటే కాస్త చదరపు ఫ్రేమ్: ఇవి నాలుగైదేళ్లు వయసు పెంచుతాయి. కార్టూన్ బొమ్మల టీషర్టు ఇష్టమైతే ఇంట్లో వేసుకో.

ఒళ్లు దాచుకోవాలని రెండు సైజులు పెద్దవి కొనేస్తాం, అందరం చేసే పనే. కానీ భుజం కుట్టు మోచేతి వైపు జారిపోయిన చొక్కా వేసుకుంటే అన్నయ్య చొక్కా తొడుక్కున్న పిల్లాడిలా ఉంటావు. భుజం కుట్టు సరిగ్గా భుజం ఎముక అంచున ఉండాలి. పొట్టి చేతుల చొక్కా అయితే చెయ్యి భుజానికీ మోచేతికీ మధ్యలో ఆగాలి. ఛాతీ దగ్గర వదులుగా, కానీ గుడ్డ మందంగా ఉండాలి. పల్చటి గుడ్డ అన్నీ బయటపెట్టేస్తుంది. చిన్న గళ్లు, ముదురు రంగులు, లోపల టీషర్టు మీద బొత్తాలు విప్పిన చొక్కా, ఇవి ఛాతీ గీతని విరగ్గొడతాయి. మెరిసే గుడ్డ వద్దు, ఎత్తుపల్లాలన్నీ తెలుస్తాయి.

కింద భాగానికి స్ట్రెయిట్ కట్ ప్యాంటు. స్కిన్నీ వేస్తే తొడల, తుంటి వంపు మొత్తం కనిపిస్తుంది. ప్యాంటుని నడుము దగ్గరికి లాక్కోకు, బొడ్డు కిందికి, తుంటి మీద ఉంచు. చొక్కా బయటికి వదిలేస్తే దాని అంచు జిప్పు మధ్య వరకు రావాలి, తుంటి బాగా వెడల్పుగా ఉన్న చోట ఆగితే ఆ వెడల్పునే ఎత్తి చూపిస్తుంది. బూట్లు చిన్న సైజు దొరక్కపోతే అబ్బాయిల సెక్షన్‌లో చూడు. ప్యాకర్ (ప్యాంటు లోపల ముందు వైపు మగవాళ్లకుండే ఉబ్బు కోసం పెట్టుకునేది) పెట్టుకోవాలా అని చాలామంది అడుగుతారు. బయటివాళ్లు అక్కడ చూడరు, అది నీ మనసు కోసం. పెట్టుకుంటే చిన్నది తీసుకో, అది కదలకుండా బిగుతైన లోదుస్తు వేసుకో.

4. ఛాతీ, దీన్ని మాత్రం జాగ్రత్తగా చదువు

బైండర్ అంటే ఛాతీని చదునుగా అదిమి ఉంచే బిగుతైన లోదుస్తు. నువ్వు ఏ కంపెనీది కొన్నా వాళ్ల సైజు చార్టు ప్రకారం టేపుతో కొలుచుకుని కొను, అంచనా మీద కొనకు. రెండు సైజుల మధ్యలో ఉంటే పెద్దది తీసుకో. చిన్నది కొంటే ఇంకా చదునుగా ఉంటుందనుకోవడం భ్రమ. అది పక్కలకి, పైకి ఉబ్బుతుంది, ఊపిరి ఆడదు.

మొదటిసారి వేసుకునేటప్పుడు తల మీదుగా లాక్కుంటే భుజాల దగ్గర ఇరుక్కుపోయి కంగారు పుడుతుంది. బైండర్‌ని లోపలి వైపు బయటికి తిప్పి, తలకిందులుగా పట్టుకుని, కాళ్లలోంచి నడుము దాకా ఎక్కించి, అక్కడి నుంచి పై అంచుని పైకి లాగి చేతులు దూర్చు. తర్వాత లోపలికి చెయ్యి పెట్టి కండని కిందికి, చంకల వైపుకి సర్దు. మధ్యకి నొక్కి వదిలేస్తే ముందుకే పొడుచుకొస్తుంది. ఇంట్లో గంటా రెండు గంటలు అలవాటు చేసుకుని అప్పుడు బయటికి వెళ్లు. తీసేటప్పుడు కూడా ఇదే దారి, కిందికి దించేయ్.

రూల్స్ తక్కువే, కానీ వాటిలో బేరం లేదు. రోజుకి 8 గంటలు దాటొద్దు. వేసుకుని పడుకోవద్దు. జిమ్‌లో, పరుగులో వద్దు. ఒకదాని మీద ఒకటి రెండు వేయొద్దు. క్రేప్ బ్యాండేజీ, ప్లాస్టర్ టేపు ఛాతీ చుట్టూ కట్టనే కట్టొద్దు. బెణికిన కాలికి వాడే ఆ బ్యాండేజీ ఊపిరి తీసిన కొద్దీ బిగుసుకుంటుంది, పక్కటెముకలకి దెబ్బ. 2017లో వచ్చిన ఒక అధ్యయనంలో సుమారు 1800 మందిని అడిగితే దాదాపు 97 శాతం మంది బైండింగ్ వల్ల నొప్పో, దురదో, ఆయాసమో ఏదో ఒక ఇబ్బంది వచ్చిందన్నారు. అందులో నాకు ముఖ్యంగా అనిపించింది ఏంటంటే, వారంలో ఎన్ని రోజులు కడుతున్నారు అన్నదానికీ ఇబ్బందులకీ బాగా సంబంధం కనిపించింది. అంటే సెలవు రోజు బైండర్‌కి కూడా సెలవు ఇవ్వు. ఆ రోజు వదులు చొక్కాతో, స్పోర్ట్స్ బ్రాతో కానిచ్చేయ్.

విప్పగానే నాలుగు సార్లు గుండెల నిండా ఊపిరి తీసుకుని గట్టిగా దగ్గు, భుజాలు వెనక్కి తిప్పు. పొడిచినట్టు నొప్పి, చేతుల్లో తిమ్మిరి, ఆయాసం, చర్మం చిట్లడం, వీటిలో ఏది వచ్చినా అప్పటికప్పుడు తీసేయ్, తగ్గకపోతే డాక్టర్. చెమట పట్టేవాళ్లు లోపల పల్చటి కాటన్ బనియన్ వేసుకోండి, బైండర్‌ని తరచూ ఉతకండి.

సాగే గుణం ఉన్న బాడీ టేపు కూడా దొరుకుతుంది, ఛాతీని రెండు పక్కలకి లాగి అంటిస్తారు. ఊపిరికి అడ్డం రాదు, కానీ చర్మంతో పేచీ. ముందు చిన్న ముక్క అంటించి ఒక రోజు చూడు. ఒళ్లంతా చుట్టూ తిప్పి అంటించకు. పీకేటప్పుడు నూనె రాసి నానబెట్టి నెమ్మదిగా తియ్యి, లేకపోతే తోలు లేచిపోతుంది. ఛాతీ చిన్నగా ఉన్నవాళ్లకి ఇవేవీ అక్కర్లేదు, బిగుతు బనియన్ మీద మందపాటి చొక్కా చాలు. ఇంకోటి, ఛాతీ దాచాలని గూని వేసుకుని నడవకు. భుజాలు వంచితే చిన్నగా, భయంగా కనిపిస్తావు, తిన్నగా నిలబడితేనే చొక్కా చదునుగా జారుతుంది.

5. గొంతు

నోరు తెరిచేదాకా ‘సార్’, తెరవగానే ‘సారీ మేడమ్’. దీనంత చిరాకు ఇంకోటి లేదు. ఫోన్‌లో అయితే మరీ, అక్కడ జుట్టూ చొక్కా ఏవీ సాయం రావు.

కొలతల్లో చెప్పాలంటే మగవాళ్లు మామూలుగా మాట్లాడేటప్పుడు గొంతు పిచ్ (ఎంత ఎత్తులో ఉందో చెప్పే కొలత) 100 నుంచి 130 హెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది, ఆడవాళ్లది 200కి అటూ ఇటూ. మధ్యలో 150 దాటిన దగ్గర నుంచి కొంత దూరం ఇద్దరివీ కలిసే చోటు, అక్కడ చెవి తేల్చుకోలేక మాట తీరుని వింటుంది. ఫోన్‌లో పిచ్ చూపించే యాప్‌లు ఉన్నాయి, ఒకసారి చూసుకో, కానీ అంకె వెంట పడకు. గొంతుని బలవంతంగా కిందికి నొక్కి గరగరగా మాట్లాడితే సాయంత్రానికి బొంగురుపోతుంది తప్ప మగ గొంతు అవదు.

ఇలా చేసి చూడు. అరచెయ్యి ఛాతీ మీద పెట్టి నోరు మూసుకుని ‘మ్‌మ్‌మ్’ అని మూలుగు. పైకీ కిందికీ మార్చుకుంటూ ఎముకలో గట్టిగా అదురు తెలిసే చోటు పట్టుకో. ఆ అదురు పోకుండా అక్కడి నుంచే ‘మ్‌మ్... మనం’, ‘మ్‌మ్... మంచిది’ అని మాటలోకి దిగు. రోజుకి పది నిమిషాలు, పేపర్ చదువుతూ. రికార్డ్ చేసి మర్నాడు విను, అప్పటికప్పుడు వింటే నచ్చదు. వాక్యం చివర గొంతు పైకి లేవకుండా కిందికి దింపు, మాటకి మాటకీ మధ్య ఎగుడుదిగుడు తగ్గించు, కాస్త నిదానించు. అందరం ‘హలో’ని మాత్రం ఎత్తుగా అంటాం, దాన్ని ప్రత్యేకంగా సాధన చెయ్యి. ఫోన్ ఎత్తగానే ముందు పేరు చెప్పేయ్, వాళ్లు ఊహించుకోకముందే.

6. టెస్టోస్టెరాన్, ఏది ఎప్పుడు వస్తుంది

ఇది డాక్టర్‌తో చేయాల్సిన పని. స్నేహితుడి మందు పంచుకోవడం, జిమ్‌లో దొరికేది పొడుచుకోవడం వద్దు. ఇంజెక్షన్లు, జెల్ రెండూ ఉన్నాయి. జెల్ వాడేవాళ్లు రాసుకున్న చోటు పిల్లలకీ భాగస్వామికీ తగలకుండా చూసుకోవాలి, వాళ్ల ఒంట్లోకీ వెళుతుంది.

ట్రాన్స్ ఆరోగ్యం మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం డబ్ల్యూపాత్ రాసిన, ప్రపంచమంతా డాక్టర్లు చూసే ప్రమాణాల 2022 ఎనిమిదో సంచిక ప్రకారం గొంతు 1 నుంచి 6 నెలల్లో మారడం మొదలై ఏడాది రెండేళ్లలో కుదురుకుంటుంది. కొవ్వు తుంటి నుంచి పొట్టకి మారడం కూడా ఆ నెలల్లోనే మొదలవుతుంది కానీ పూర్తి కావడానికి 2 నుంచి 5 ఏళ్లు. గడ్డం 6 నుంచి 12 నెలల్లో మొలకెత్తి నిండటానికి ఐదేళ్లు దాటొచ్చు. నెలసరి ఎక్కువమందికి 6 నెలల్లోపు ఆగుతుంది. మొటిమలు మాత్రం అందరికంటే ముందు వచ్చి కూర్చుంటాయి. పెద్దయ్యాక మొదలుపెడితే ఎత్తు పెరగదు, ఎముకల వెడల్పు మారదు.

డోసు పెంచితే త్వరగా వస్తుందా? రాదు. ఎక్కువైన దాంట్లో కొంత ఒంట్లోనే ఈస్ట్రోజెన్‌గా (ఆడ హార్మోన్‌గా) మారుతుంది, రక్తం చిక్కబడుతుంది. మొదటి ఏడాది సుమారు మూడు నెలలకోసారి రక్త పరీక్షలు అందుకే. గొంతు, గడ్డం ఒకసారి మారాక మందు ఆపినా వెనక్కి పోవు, అది తెలిసే మొదలుపెట్టు. నెలసరి ఆగినంత మాత్రాన గర్భం రాదని కాదు, టెస్టోస్టెరాన్ గర్భనిరోధకం కాదు, పైగా కడుపులో బిడ్డకి హాని.

మధ్యలో ఒక దశ వస్తుంది, పొద్దున ఒకరు ‘సార్’, మధ్యాహ్నం ఇంకొకరు ‘మేడమ్’, సాయంత్రం ఒకాయన రెండూ అనేసి నాలిక కరుచుకుంటాడు. అందరికంటే విసిగించే దశ ఇదే, ఎందుకంటే ఏ క్షణం ఏమంటారో తెలియదు. ఇక్కడ చాలామంది ‘నాకు పని చేయట్లేదు’ అని డీలా పడతారు. పని చేస్తోంది కాబట్టే వాళ్లు తికమక పడుతున్నారు.

గడ్డం గురించి ఒక్క మాట. గీస్తే మందంగా పెరుగుతుందన్నది ఉత్త మాట, గీసిన మొన మొద్దుగా ఉండి అలా అనిపిస్తుంది అంతే. గడ్డం కింద అక్కడక్కడా ఉన్న నాలుగు వెంట్రుకల్ని ముద్దుగా దాచుకోవడం కంటే నున్నగా గీసుకోవడమే వయసు పెంచుతుందని నా అభిప్రాయం, ఒప్పుకోనివాళ్లు బోలెడు మంది. గడ్డానికి 5 శాతం మినాక్సిడిల్ రాసేవాళ్లున్నారు, అది నెత్తి మీద జుట్టు కోసం వచ్చిన మందు, కాబట్టి డాక్టర్‌ని అడిగి వాడు. ఇంట్లో పిల్లి ఉంటే అసలు దగ్గరికి రానివ్వకు, దానికది ప్రాణాంతకం.

7. నడక, నడత

ఇక్కడ తక్కువే చెబుతాను, ఎందుకంటే ఇక్కడే అతి ఎక్కువ. భుజాలు ఊపుకుంటూ, కాళ్లు బార్లా చాపుకుని కూర్చుంటూ, ప్రతిదానికీ విసుక్కుంటూ ఉంటే మగవాడిలా కాదు, మగవాడి వేషం వేసినట్టు ఉంటుంది. తుంటి కదలిక తగ్గించి భుజాల నుంచి నడువు, పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి నిలబడు, చేతులు ఏం చేయాలో తెలియకపోతే జేబులో పెట్టుకో, చూపు నేల మీద కాకుండా ఎదురుగా ఉంచు. నవ్వొద్దు, ఎమోషన్ చూపించొద్దు అని సలహాలిచ్చేవాళ్లు చాలామంది. నాకు నచ్చవు. నవ్వే మగవాళ్లు లేరా? ఆడవాళ్ల మీద జోకులు వేస్తేనే నలుగురిలో కలుస్తాం అనుకోవడం ఇంకా చెత్త.

ఎవరైనా ‘మేడమ్’ అంటే, చోటు సురక్షితమైతే, మామూలు గొంతుతో ‘సార్’ అని ఒక్కసారి అని పనిలోకి వెళ్లిపో. వివరణ ఇవ్వకు. నువ్వు సంజాయిషీ మొదలుపెడితే వాళ్లు నిన్ను పరీక్షగా చూడటం మొదలుపెడతారు. చోటు మంచిది కాదనిపిస్తే విననట్టు వెళ్లిపో, దాంట్లో ఓటమి ఏమీ లేదు.

8. మగవాళ్ల బాత్రూం

టెన్షన్ అంతా ఇక్కడే కదా. మొదటిసారి చిన్న చోటు వద్దు, ఎక్కువ మంది వచ్చిపోయే పెద్ద చోటు, తలుపులున్న గదులు చాలా ఉన్నది చూసుకో. వీలైతే తోడు మనిషిని తీసుకెళ్లు. గుమ్మం దగ్గర ఆగి బోర్డు చూస్తూ తటపటాయించకు, నేరుగా లోపలికి నడువు. ఎవరి ముఖం చూడకు, ఎవరితో మాట్లాడకు, తలుపున్న గదిలోకి వెళ్లి గడియ పెట్టుకో. ఆడవాళ్ల బాత్రూంలో అద్దం దగ్గర ఉండే కబుర్లు, పలకరింపులు ఇక్కడ ఉండవు, అందరూ తొందరగా బయటపడాలనే చూస్తారు. కూర్చుని పోస్తే శబ్దం తేడా తెలుస్తుందేమో, కాళ్లు ఎటు తిరిగి ఉన్నాయో చూస్తారేమో అని భయపడేవాళ్లున్నారు. ఎవరూ వినరు, ఎవరూ చూడరు. మగవాళ్లూ కూర్చుంటారు. గదులన్నీ నిండి ఉంటే చేతులు కడుక్కుంటూ ఆగు, లేదా బయటికి వెళ్లి మళ్లీ రా.

నెలసరి ఇంకా వస్తుంటే, లోపల చెత్తబుట్ట ఉండదని గుర్తుపెట్టుకో. జిప్పున్న చిన్న సంచీ జేబులో ఉంచు, ప్యాడ్ కవర్ ముందే చించి పెట్టుకో, ఆ చప్పుడు లేకుండా. ప్యాడ్ బదులు నెలసరి కప్పు వాడేవాళ్లకి ఇంకా సులువు. నిలబడి పోయడానికి వాడే ఎస్‌టీపీ పరికరం కొంటే, ముందు షవర్ కింద బట్టల్లేకుండా, తర్వాత షవర్‌లోనే ప్యాంటుతో, చుక్క కారకుండా చాలా రోజులు కుదిరాకే బయట వాడు. ఎక్కడైనా భయమనిపిస్తే అందరికీ ఉమ్మడిగా ఉండే ఒంటరి గది వెతుక్కో. బాత్రూం గొడవ ఎందుకని రోజంతా నీళ్లు తాగకుండా ఉగ్గబట్టుకునేవాళ్లు ఉన్నారు, మూత్రంలో ఇన్‌ఫెక్షన్ వచ్చి చివరికి డాక్టర్ ముందు కూర్చోవాల్సి వస్తుంది.

9. అందరూ ‘సార్’ అనడం మొదలయ్యాక

దీనికి ఎవరూ సిద్ధం చేయరు. స్టాన్‌ఫర్డ్‌లో మెదడు మీద పరిశోధన చేసిన బెన్ బారెస్ 1997లో ట్రాన్సిషన్ అయ్యాడు, అంటే మగవాడిగా బతకడం మొదలుపెట్టాడు. ఆ తర్వాత ఆయన ఉపన్యాసం విన్న ఒక శాస్త్రవేత్త, ఈయన పని వాళ్ల అక్కచెల్లెలి పని కంటే ఎంతో మెరుగ్గా ఉందని మెచ్చుకున్నాడట. ఆ ‘అక్కచెల్లెలు’ పాత పేరుతో పనిచేసిన ఆయనే. 2006లో నేచర్ పత్రికలో ఆయన దీన్ని రాశాడు. మీటింగ్‌లో నీ మాట మధ్యలో ఎవరూ అడ్డు రాకపోవడం నువ్వూ గమనిస్తావు. గమనించాక, పక్కనున్న ఆమె మాటని ఎవరైనా తుంచేస్తే ‘ఆమె పూర్తి చేయనివ్వండి’ అను. నీకిప్పుడు అది చెల్లుతుంది.

ఇంకోవైపు, నిన్న మొన్నటి దాకా తెలియని ఆడవాళ్లు నీతో చనువుగా మాట్లాడేవాళ్లు, ఇప్పుడు మాట్లాడరు. పిల్లల్ని చూసి నవ్వితే తల్లి పక్కకి లాక్కుంటుంది. మనసు చివుక్కుమంటుంది, కానీ వాళ్లు నిన్ను కాదు, ఒక తెలియని మగవాణ్ణి చూస్తున్నారు. రాత్రి ఖాళీ రోడ్డు మీద ముందు ఒక అమ్మాయి ఒంటరిగా వెళుతుంటే నువ్వు రోడ్డు దాటి అవతలి వైపు నడువు, లేదా నిదానించు. వెనకాల అడుగుల చప్పుడు ఎలా ఉంటుందో నీకు వేరే చెప్పాలా.

ఎవరికి చెప్పాలి, ఎవరికి చెప్పక్కర్లేదు అన్నది నీ ఇష్టం. పనిచోట ఎవరికీ తెలియకుండా స్టెల్త్‌గా ఉండటం మోసమేమీ కాదు. ఐడీలో పేరు, ఫోటో ఇంకా మారకపోతే, ప్రయాణాల్లో అడిగేలోపే కార్డు ఇచ్చి ఒక వాక్యంలో చెప్పేసేలా ఆ వాక్యాన్ని ముందే అనుకుని పెట్టుకో. డాక్టర్ దగ్గర మాత్రం దాచకు. పర్సులో ఒక చీటీ ఉంచు: ఏ మందు, ఎంత డోసు, చివరిసారి ఎప్పుడు, నీ డాక్టర్ నంబరు. గర్భాశయ ముఖద్వారం ఉన్నంతకాలం దానికి చేసే క్యాన్సర్ స్క్రీనింగ్ పరీక్ష నీకూ కావాలి, ఆసుపత్రి రికార్డులో ‘మగ’ అని మారాక గుర్తుచేసే మెసేజ్ రాకపోవచ్చు, కాబట్టి తేదీ నువ్వే ఫోన్‌లో పెట్టుకుని నువ్వే అడిగి చేయించుకో. టాప్ సర్జరీ (ఛాతీని చదును చేసే ఆపరేషన్) అయినా కొంత రొమ్ము కణజాలం మిగులుతుంది, ఎంత మిగిల్చారో, ఏ పరీక్ష ఎప్పుడు చేయించుకోవాలో సర్జన్‌నే అడిగి రాయించుకో.